చివరి సైకిల్ చేరేదాకా

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం పోయే దారికి అటూ ఇటూ అడవి అంచున గూడేలున్నాయి. అక్కడ ఆస్పత్రి ఎంత దూరమని అడిగితే మగవాళ్ళు కిలోమీటర్లలో చెబుతారు. ఆడవాళ్ళు తమను ఎవరు తీసుకుపోతారన్నదాన్నిబట్టి చెబుతారు. ఇంట్లో మగవాళ్ళు, బండి ఉంటే ఆస్పత్రి దగ్గర. లేకపోతే దూరం. హైస్కూలు విషయమూ అంతే. దింపి రావడానికి అన్న ఉన్న పిల్ల చదువు సాగుతుంది. లేని పిల్ల చదువు ఏ తరగతి దగ్గరైనా ఆగిపోవచ్చు.

దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కును రాజ్యాంగం 19(1)(డి) అధికరణ పౌరులందరికీ ఇచ్చింది. ఆ హక్కు స్త్రీల దగ్గరకొచ్చేసరికి ఏమైందో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. బజారుకు, ఆస్పత్రికి, ఊరి బయటికి - ఈ మూడు చోట్లకూ ఒంటరిగా వెళ్ళనిచ్చే స్త్రీలు దేశం మొత్తంమీద 42 శాతమే. మిగిలినవాళ్ళు ఎక్కడికో ఒకచోటికి పోవాలంటే తోడు వెతుక్కోవాలి, లేదా మానుకోవాలి.

ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది కదా అని కొందరు మిత్రులు అంటున్నారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న అది మొదలైంది. స్త్రీలకు అది చాలా మేలు చేసింది, దాన్ని కాపాడుకోవాలి. అయితే బస్సు తారు రోడ్డు మీద ఆగుతుంది. చర్ల, దుమ్ముగూడెం వైపు గానీ, 2014లో పోలవరం పేరుతో ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన చింతూరు, కూనవరం వైపు గానీ చాలా గూడేలు ఆ రోడ్డుకు లోపల ఉన్నాయి. ఆ లోపలి దారికి జీరో టికెట్టు లేదు. ఆ దారిలో తిరిగే మోటారు బండి హ్యాండిల్ ఎక్కువగా మగవాళ్ళ చేతిలోనే ఉంటుంది. ఆడవాళ్ళు వెనక సీటు మీద కూర్చుంటారు. తన ఇష్టప్రకారం బయలుదేరి, తన ఇష్టప్రకారం తిరిగి రావడానికి పేద స్త్రీకి అందుబాటులో ఉన్న వాహనం ఇప్పటికీ సైకిలే.

ఇది కొత్త మాట కాదు. తొంభైల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో ఈ పని జరిగింది. అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్ చొరవతో అక్కడి అక్షరాస్యతా ఉద్యమం, అరివొళి ఇయక్కం, అక్షరాలతోపాటు సైకిలు నేర్పడాన్నీ తన కార్యక్రమంలో చేర్చింది. బహిరంగ ప్రదర్శనల్లో, పోటీల్లో సైకిలు తొక్కి చూపించిన స్త్రీలు 70,000కు పైగా ఉన్నారని పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. క్వారీ కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, బడి పంతులమ్మలు అందరూ నేర్చుకున్నారు. చాలామంది లేడీస్ సైకిలు కంటే మగవాళ్ళ సైకిలునే ఇష్టపడ్డారు. ముందు బార్ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని. దారిన పోయేవాళ్ళు బూతులు మాట్లాడినా వాళ్ళు ఆగలేదు. అదే కాలంలో మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా తరగతుల్లోంచి 1992లో సారా వ్యతిరేక పోరాటం పుట్టింది. ఆడవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ఆ చేరిక ఎటు దారి తీస్తుందో పాలకులు ముందుగా ఊహించలేరని ఈ రెండు జిల్లాలూ చూపించాయి.

పుదుక్కోట్టైలో జిల్లా యంత్రాంగమంతా వెనక ఉంది. మనకు అది లేదు. కాబట్టి చిన్నగా మొదలుపెడదాం. అడవి అంచు మండలాల్లో పనిచేస్తున్న ప్రతి సంఘమూ వారాంతంలో ఒక పూట స్త్రీల సైకిలు ప్రయాణం పెట్టుకోవాలని ఈ సంపాదకీయం ద్వారా కోరుతున్నాం.

ఇందులో అసలు చిక్కు ఒకటుంది. వచ్చేవాళ్ళందరికీ ఒకే తీరుగా సైకిలు రాదు. పట్నంలో చదువుకున్న కార్యకర్తకు చిన్నప్పటి నుంచీ వచ్చు. ఇంటర్ చదివే అమ్మాయికి కొంత వచ్చు. నలభై దాటిన అక్కకు సైకిలు ముట్టుకోవడమే మొదటిసారి. వచ్చినవాళ్ళు ముందుకు దూసుకుపోతే వెనకబడ్డవాళ్ళు ఆ పూట ఎలాగో ఇంటికి చేరతారు గానీ మళ్ళీ వారం రారు. మన సమావేశాల్లో మాట్లాడడం వచ్చినవాళ్ళే మాట్లాడుతూ పోతే జరిగేదీ ఇదే కదా! అందుకని ఈ ప్రయాణంలో వేగాన్ని నిర్ణయించేది అందరికంటే నెమ్మదిగా తొక్కే మనిషి కావాలి.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. అసలు రానివాళ్ళకు బడి ఆవరణలో విడిగా నేర్పాలి. సీటు బాగా దించి రెండు పాదాలూ నేలకు ఆనేట్టు చూసి, పెడల్స్ జోలికి పోకుండా కాళ్ళతో నేలను తోసుకుంటూ ముందుగా నిలదొక్కుకోవడం నేర్పితే భయం తగ్గుతుంది. పట్టుకుని నడిపించేది ఆడవాళ్ళే కావాలి. రోడ్డెక్కగలిగినవాళ్ళంతా ఒకేసారి బయలుదేరాలి. ముప్పావుగంట కాగానే ఎవరు ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి తిరగాలి. వచ్చినవాళ్ళు పది కిలోమీటర్లు పోయి ఉండవచ్చు, కొత్తవాళ్ళు నాలుగే పోయి ఉండవచ్చు. తిరిగి చేరేది మాత్రం దాదాపు ఒకేసారి. ఎవరి కోసమూ ఎవరూ విసుక్కునే అవసరం రాదు.

అందరికంటే అనుభవమున్న మనిషి ముందు కాదు, చివర ఉండాలి. గాలి పంపు, పంక్చర్ సామాను, మంచినీళ్ళు, కట్టుగుడ్డ ఆమె దగ్గరే ఉండాలి. దారి చీలిన ప్రతిచోటా వెనక వస్తున్న మనిషి కనబడేదాకా ముందున్న మనిషి ఆగాలి. బయలుదేరేముందు బ్రేకులు, టైర్లలో గాలి చూసుకోవాలి. చున్నీ, చీర కుచ్చిళ్ళు చైనులో పడకుండా బిగించుకోవాలి. భద్రాచలం రహదారి మీద లారీల రద్దీ ఎక్కువ కాబట్టి పంచాయతీ రోడ్లనే ఎంచుకోవాలి. తప్పనిసరైతే ఒకరి వెనక ఒకరు పోవాలి. సైకిళ్ళు తక్కువైతే వంతులవారీగా తొక్కాలి. వంతు రాని మనిషి క్యారియర్ మీద కూర్చుని వచ్చినా ఆమె మన ప్రయాణంలో ఉన్నట్టే.

రోజు, కాలం కూడా ఆ ఊరివాళ్ళే చెప్పాలి. ఆదివారం చర్చికి పోయే గూడేలున్నాయి, సంతకు పోయే గూడేలున్నాయి. వేసవిలో తునికాకు కోతకు పోయే స్త్రీలను సైకిలు తొక్కడానికి రమ్మనడం అన్యాయం. పైగా ఆ ఎండలకు ఎవరూ తట్టుకోలేరు. వానాకాలంలో వాగులు రోడ్ల మీదకొస్తాయి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. పొంగుతున్న వాగు ముందు ధైర్యం చూపించనవసరం లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం పూటలు అనువైనవి.

ఇంకో మాట. కోయ గూడేలను చూసి రావడానికి పట్నం నుంచి పోయే విహారయాత్రగా ఇది మారకూడదు. అక్కడి స్త్రీలకు ముందుగా చెప్పి, వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళతో కలిసి తొక్కాలి. అడవి అంచున కొత్త మనుషులు గుంపుగా కనిపిస్తే ఎవరు, ఎందుకొచ్చారన్న ప్రశ్నలు వస్తాయి. మనం తిరిగొచ్చాక ఆ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసింది ఆ ఊరివాళ్ళే. పంచాయతీకి, స్థానిక మహిళా సంఘానికి తెలియకుండా ఏ దారీ పట్టవద్దు. దారిలో ఎవరైనా వెకిలిగా మాట్లాడితే, ఆ మాటలు పడ్డ అమ్మాయి ఒక్కతే జవాబు చెప్పే పరిస్థితి రానీయకూడదు. అందరూ ఆగాలి, అందరూ అడగాలి.

ప్రభుత్వాన్ని అడగవలసిందీ ఉంది. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చే పథకం పెట్టారు. దానివల్ల హైస్కూలులో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్‌ల అధ్యయనం తేల్చింది. దూరపు ఊళ్ళ పిల్లల్లోనే ఆ ప్రయోజనం ఎక్కువగా కనిపించింది. ఇవాళ ఏజెన్సీ గూడేల్లోని ప్రతి ఆడపిల్లకూ, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలకూ సైకిలు కావాలని ఐటీడీఏ ముందు పెట్టడానికి మనకు ఇంతకన్న ఆధారం అక్కర్లేదు. అయితే ఇచ్చిన సైకిలు ఇంట్లో మగపిల్లవాడి చేతికి పోకుండా ఉండాలంటే ఆడపిల్లకు తొక్కడం వచ్చి ఉండాలి, ఆమె తొక్కడం ఊరికి అలవాటై ఉండాలి. వారం వారం మనం చేసే ప్రయాణం అందుకు పనికొస్తుంది.

ఎంతమంది వచ్చారు, ఎన్ని ఫోటోలు దిగారు అన్నదాన్ని నివేదికల్లో రాసుకుని తృప్తిపడవద్దు. ఆరు నెలల తర్వాత ఒక సోమవారంనాడు, మనం ఎవరమూ లేనప్పుడు, జ్వరమొచ్చిన బిడ్డను ముందు కూర్చోబెట్టుకుని ఎవరినీ అడగకుండా ఆస్పత్రికి బయలుదేరిన తల్లులు ఎంతమందో లెక్క రాయండి. ఆ లెక్కను ఈ పత్రికకు పంపండి.