వినడానికి బద్ధకం, మాట్లాడినవాడికి శిక్ష

అమెరికాలో "అర్థం కాలేదు" అన్నవాడిదే గెలుపు. ఆ ఒక్క మాటతో తప్పంతా ఎదుటివాడి నోటిదైపోతుంది. నువ్వు చెవి పెట్టి విన్నావా అని అడిగే నాథుడుండడు.

మాన్యుయెల్ ఫ్రాగాంటే ఫిలిప్పీన్స్ నుంచి హవాయికి వలసొచ్చిన మనిషి. హోనొలులులో వాహనాల లైసెన్సుల ఆఫీసులో గుమాస్తా కొలువుకు పరీక్ష రాస్తే 721 మందిలో మొదటివాడిగా వచ్చాడు. ఇంటర్వ్యూ చేసినవాళ్ళు యాస బరువుగా ఉందన్నారు. కౌంటర్లో కూర్చోబెట్టలేమన్నారు. సరే, కోర్టుకెక్కాడు. ఇతనికి ఇంగ్లీషులో మాట్లాడే సత్తా దండిగా ఉందని కోర్టే ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, ఉచ్చారణ కష్టంగా ఉందని ఓడించింది. 1989లో అప్పీలూ పోయింది. పుట్టిన దేశాన్ని బట్టి ఉద్యోగం నిరాకరించకూడదని 1964 నుంచీ అక్కడ చట్టముంది! హవాయి జనాభాలో ఫిలిప్పీన్స్ మూలాలవాళ్ళు తక్కువేం కాదు. ఆ కౌంటర్ ముందు నిలబడేవాళ్ళలో ఎంతమందికి అది సొంత యాసో ఎవరికి పట్టింది?

ఉచ్చారణే అసలు సమస్యయితే డొనాల్డ్ రూబిన్ అనే పరిశోధకుడి ప్రయోగానికేం సమాధానం చెబుతారు? 1992లో వెలువడిన ఆ పరిశోధనలో విద్యార్థులందరికీ ఒకే అమెరికన్ గొంతు రికార్డింగ్ వినిపించారు. కొందరికి తెల్ల ముఖం ఫొటో చూపించారు, కొందరికి ఆసియా ముఖం. ఆసియా ముఖం చూసినవాళ్ళకు లేని యాస వినబడింది. పాఠం కూడా తక్కువే బుర్రకెక్కింది. చెవి చేయాల్సిన పని కళ్ళు చేశాయన్నమాట.

అదే తెల్ల ముఖమైతే? కిసింజర్ జర్మన్ యాసతోనే అమెరికా విదేశాంగ మంత్రిత్వం వెలగబెట్టాడు. సినిమా నటుడు ష్వార్జ్‌నెగ్గర్ ఆస్ట్రియా యాస విడవకుండానే గవర్నరుగా కాలిఫోర్నియాను ఏలాడు. వాళ్ళను ఉచ్చారణ క్లాసుకు వెళ్ళమన్న మొనగాడెవరు?

మెచ్చుకోలులోనూ ఇదే పొగరు. 2025 జులైలో లైబీరియా అధ్యక్షుడు బొవకాయ్ వైట్‌హౌస్‌కి వెళితే, ఇంత చక్కటి ఇంగ్లీషు ఎక్కడ నేర్చావని ట్రంప్ ముచ్చటపడ్డాడు. లైబీరియా అధికార భాష ఇంగ్లీషే. ఆ దేశాన్ని నిలబెట్టింది అమెరికా నుంచి వెళ్ళిన నల్లజాతివాళ్ళే. ఇంటి యజమానిని పట్టుకుని నీకు ఈ ఇల్లెలా తెలుసని అడిగినట్టుంది.

దేశాధ్యక్షుడికే దిక్కులేకపోతే మన అత్తమ్మలెంత? కొడుకు దగ్గర స్థిరపడిన పెద్దావిడ మందుల షాపులో అయిపోయిన బీపీ మాత్రల డబ్బా కౌంటర్ మీద పెట్టి, "సేమ్ టాబ్లెట్, థర్టీ డేస్" అంటుంది. డబ్బా మీద మందు పేరుంది, ఆవిడ పేరుంది, ముప్పై అన్న అంకె కూడా ఉంది. అయినా కౌంటర్లో కుర్రాడు "వాట్?" అంటాడు. రెండోసారి ఇంకాస్త గట్టిగా, ఆవిడకేదో చెవుడున్నట్టు. పక్కన మనవరాలు నేల చూపులు చూస్తుంది. ఇంటికొచ్చాక అదే పిల్ల నాయనమ్మ మాటను అనుకరిస్తే అమ్మానాన్నా పడీ పడీ నవ్వుతారు. నాకు ఆ కుర్రాడి మీదకన్నా ఈ నవ్వు మీదే ఎక్కువ మంట.

'సింప్సన్స్' కార్టూన్లో అపూ అనే భారతీయ దుకాణదారుడికి హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడు వెటకారపు యాసతో గొంతిచ్చాడు. పిల్లల్ని బడిలో ఏడిపించడానికి ఆ యాస ఆయుధమైంది. న్యూయార్క్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన హరి కొండబోలు 2017లో దాని మీద ఏకంగా ఓ డాక్యుమెంటరీయే తీసి నిలదీశాడు. 2020లో అజారియా ఆ పాత్రకు ఇక గొంతివ్వనన్నాడు. ఆయన వదిలేసిన వేషాన్ని మనవాళ్ళు తెలుగు సంఘాల స్టేజీ మీద కట్టి నవ్విస్తున్నారు. అచ్చం అదే యాసతో ఒకప్పుడు విమానం దిగినవాళ్ళు ముందు వరుసలో కూర్చుని ఈలలేస్తారు. కరీంనగర్ నుంచి కొత్తగా ఎమ్మెస్‌కొచ్చిన కుర్రాణ్ణి భోజనాల దగ్గర పక్కకు పిలిచి, "ముందు నీ యాక్సెంట్ మార్చుకో తమ్ముడూ" అని హితబోధ చేసేదీ వాళ్ళే.