వాళ్లకు సెలవు, మనకు వెలి

ప్రభుత్వ ఉద్యోగిపై ఆరోపణ వస్తే సస్పెండ్ చేస్తారు. జీతం ఆగుతుంది గానీ తిండి ఆగదు. ఫండమెంటల్ రూల్ 53 ప్రకారం అర్ధజీతపు సెలవులో వచ్చేంత మొత్తాన్ని జీవనభృతిగా ఇవ్వాలి. ఆ భృతి ఎగ్గొట్టడం జీవించే హక్కును కాలరాయడమేనని 1999లో పాల్ ఆంథోనీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. విచారణే శిక్ష కాకూడదన్నది ఇందులోని సూత్రం.

మరి పరిశోధక విద్యార్థి సంగతి? అతనికొచ్చేది జీతం కాదు, ఫెలోషిప్ అంటారు. క్లాసులు చెప్పించుకునేటప్పుడు, పేపర్లు దిద్దించుకునేటప్పుడు ఎవరికీ ఈ తేడా గుర్తురాదు. వేటు వేసేటప్పుడే గుర్తొస్తుంది.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2015 జులై నుంచి రోహిత్ వేములకు ఫెలోషిప్ అందలేదు. కాగితాల జాప్యమన్నారు అధికారులు. డిసెంబరులో అతనితో సహా ఐదుగురు దళిత పరిశోధకులను హాస్టల్ నుంచి బహిష్కరించారు. జనవరి చలిలో వాళ్లు ఆరుబయట పడుకుని, ఆ చోటికి వెలివాడ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ మనకు దక్కకుండా పోయాడు. ఏడు నెలల బకాయి, లక్షా డెబ్బై అయిదు వేలు, ఇంట్లోవాళ్లకు అందేలా చూడమని చివరి లేఖలో అడిగాడు.

జనవరి 24న, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైన ఉపకులపతి సెలవుపై వెళ్లారు. మార్చి 22న తిరిగొచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు. ఆ రోజు నిరసన తెలిపిన విద్యార్థులు, అధ్యాపకులు జైలుకెళ్లారు. ఆయన దోషా కాదా అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. కేసు తేలకముందు ఆయనకు దొరికిన మర్యాద మా వాళ్లకు ఎందుకు దొరకలేదన్నదే ప్రశ్న.

పని చేయనివాడికి ప్రజాధనం ఎందుకని కొందరు అడుగుతారు. సస్పెండైన అధికారి విషయంలో చట్టం దీనికి ఎప్పుడో జవాబిచ్చింది: అతను పని మానలేదు, మాన్పించారు. లైబ్రరీ, హాస్టల్ తలుపులు మూసేసి పరిశోధన ఏదని అడగడం ఏ న్యాయం? పొలమూ ఇల్లూ ఉన్నవాడికి ఫెలోషిప్ ఆగితే ఇబ్బంది. మా ఇళ్లలో ఆ డబ్బు ఒక్కరి తిండి కాదు, అమ్మ మందులు, చెల్లి ఫీజు.

మేమడిగేది దయ కాదు. విచారణ ముగిసేదాకా ఫెలోషిప్, హాస్టల్, మెస్ ఆపకూడదని యూజీసీ నిబంధనల్లో రాయాలి. విచారణకు మూడు నెలల గడువు పెట్టాలి. గుమాస్తా నుంచి కార్యదర్శి దాకా వర్తించే న్యాయం పరిశోధకుడి దగ్గర ఆగిపోతే, దాన్ని క్రమశిక్షణ అనకండి. ఊరి బయటికి నెట్టడానికి మన భాషలో ఉన్న పాత మాటే దానికి సరిపోతుంది: వెలి.