క్యాజువాలిటీలో చెప్పే మొదటి మాట



రాత్రి పదకొండు దాటాక మా క్యాజువాలిటీ గుమ్మం ముందు ఆటో ఆగిందంటే ఎక్కువగా అది రోడ్డు ప్రమాదం కేసే అయి ఉంటుంది. దెబ్బలు తగిలిన మనిషిని స్ట్రెచర్ మీదకు దించి, రక్తం ఆపి, సెలైన్ పెట్టేలోపే వెంట వచ్చినవాళ్ళలో ఒకరు మమ్మల్ని పక్కకు పిలుస్తారు. "సిస్టరమ్మా, పోలీసు కేసు వద్దమ్మా. బండి జారి పడ్డాడని రాసెయ్యండి" అంటారు. మేము సర్వీసులో చేరినప్పటి నుంచీ ఈ మాట వింటూనే ఉన్నాము. పాపం, వాళ్ళ భయం వాళ్ళది. స్టేషన్ చుట్టూ తిరగాలి, బండి సీజ్ చేస్తారు, లైసెన్సు లేదు, హెల్మెట్ లేదు. కానీ ఆ ఒక్క వాక్యం ఎంత దూరం వెళ్తుందో ఆ రాత్రి వాళ్ళకు తెలియదు. అందుకే ఈసారి మందుల గురించి కాకుండా ఈ విషయం రాస్తున్నాము.

కొన్నేళ్ళ క్రితం ఒక తాపీ మేస్త్రిని తీసుకువచ్చారు. వయస్సు ముప్పై రెండు. కుడి మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. తీసుకువచ్చినాయన చాలా మర్యాదస్తుడు, అడ్మిషన్ డబ్బు కూడా ఆయనే కట్టారు. "మోపెడ్ జారి పడ్డాడు" అని చెబితే డ్యూటీ సిస్టర్ అలాగే రాసింది. ఆయన బంధువు కాదు, గుద్దిన కారు ఓనరు మనిషి. ఈ సంగతి మాకు నాలుగో రోజున మేస్త్రి భార్య వచ్చి ఏడుస్తుంటే తెలిసింది. అప్పటికి ఆయన రావడం మానేశారు, ఫోను ఎత్తడమూ మానేశారు.

తరువాత వాళ్ళు పోలీసు ఫిర్యాదు ఇచ్చారు, ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేశారు. ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు గారు మా రిజిస్టరు తెప్పించుకుని ఆ మొదటి వాక్యమే చదివించారు. జారి పడ్డాడని ఆసుపత్రే రాస్తే కారు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగారు. ఆ వాయిదాకు ముందు మేస్త్రి మా ఆఫీసుకు వచ్చి, "అమ్మగారూ, ఆ ఒక్క లైను మార్చండమ్మా" అని చేతులు జోడించాడు. మేము మార్చలేదు. రాసిన రికార్డును తరువాత దిద్దితే అది నేరం, పైగా దిద్దిన కాగితాన్ని ఏ కోర్టూ నమ్మదు. చివరికి వాళ్ళు ఇస్తామన్న కొద్ది మొత్తానికే లోక్ అదాలత్‌లో సంతకం పెట్టాడు. అది రాడ్ తీసే రెండో ఆపరేషన్‌కు కూడా చాలలేదు.

ఇందులో మా తప్పు కూడా ఉంది. చెప్పినవారి పేరు, రోగికి ఏమవుతారు అని రాయవలసిన గడిలో ఆ రాత్రి "అటెండెంట్" అని మాత్రమే ఉంది. రోగి స్పృహలోనే ఉన్నా అతన్ని ఎవరూ అడగలేదు. అప్పటి నుంచి మా సిస్టర్లకు కచ్చితంగా చెప్పాము: మనిషి మాట్లాడగలిగితే అతన్నే అడగాలి, లేకపోతే చెప్పినవారి పూర్తి పేరు రాయాలి. మీరు కూడా ఆ గడి ఏమి రాశామో చదివించుకోండి. మేము కసురుకోము.

పోలీసు కేసు అంటే వైద్యం ఆగిపోతుందని ఇంకా భయపడేవారున్నారు. ముందు ప్రాణం, తరువాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చిన దారినపోయే మనిషిని కేసుల్లో ఇరికించకుండా 2019 సవరణతో చట్టంలోనే రక్షణ వచ్చింది. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి, ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో, మొదటి ఏడు రోజులకు 1,50,000 రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స దొరుకుతుంది. అయితే అది రోడ్డు ప్రమాదమేనని పోలీసులు నిర్ధారించాలి. అంటే "జారి పడ్డాడు" అన్న అబద్ధంతో ఆ సాయం కూడా మనమే వదులుకుంటున్నాము.

వార్డులో మాకు బాగా కోపం తెప్పించే సంగతి ఇంకొకటి ఉంది. ప్రమాదం కేసు అడ్మిట్ అయిన రెండో రోజుకల్లా పండ్లు పట్టుకుని ఎవరో ఒకరు వస్తారు. "మొత్తం మేము చూసుకుంటాం, మీరు పైసా పెట్టనక్కర్లేదు, వచ్చినదాంట్లో ఇంత వాటా" అంటారు. ఖాళీ వకాలత్ కాగితాల మీద సంతకాలు తీసుకుంటారు. వచ్చే పరిహారంలో వాటా మాట్లాడుకోవడం వకీళ్ళకు బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధం. మంచి వకీళ్ళు ఎందరో ఉన్నారు, వాళ్ళెవరూ మంచం దగ్గరికి పండ్లు పట్టుకుని రారు. స్తోమత లేనివారు, స్త్రీలు, ఎస్సీ ఎస్టీలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళితే ఉచితంగా వకీలును ఇస్తారు.

ఈ మధ్యవర్తులు చెప్పే ఒక మాట మాత్రం క్షమించరానిది. "ఫిజియోథెరపీకి వెళ్ళకండి, కీలు బిగిసిపోతే పర్సంటేజి పెరుగుతుంది" అని చెబుతారు. ఆ మాట విని వ్యాయామం మానేసినవారిని మేము చూశాము. మోకాలి కీలు మొదటి వారాల్లో వంచకపోతే అది బిగుసుకుపోతుంది, తరువాత ఎన్ని నెలలు తిప్పలు పడినా పూర్తిగా వంగకపోవచ్చు. నేల మీద కూర్చోలేరు, మరుగుదొడ్డికి వెళ్ళడమే కష్టమవుతుంది. పదివేలు ఎక్కువ వస్తాయని కాలునే పోగొట్టుకోమని చెప్పేవాడు మీకు కావలసినవాడు ఎలా అవుతాడు?

పైగా ఆ పర్సంటేజి లెక్క వాళ్ళు చెప్పినట్టు ఉండదు. మెడికల్ బోర్డు రాసే శాతం ఒకటి, సంపాదించే శక్తిలో తగ్గిన శాతం ఇంకొకటి. ఈ రెండూ వేరని 2010లో సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ కేసులో విడమరిచి చెప్పింది. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువు దాదాపు మొత్తం పోయినట్టే, అదే ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం నిలబడవచ్చు. కాబట్టి మీరు చేసే పని ఏమిటో డాక్టరు గారికి వివరంగా చెప్పండి. పరంజా ఎక్కాలా, గంటల తరబడి నిలబడాలా, బరువులు మోయాలా అన్నవి సర్టిఫికెట్‌లో రావాలి.

లెక్క తీరు తెలియడానికి మా మేస్త్రి వయస్సునే తీసుకుందాము. నెలకు 15,000 సంపాదన అనుకుంటే ఏడాదికి 1,80,000. సంపాదించే శక్తి 30 శాతం తగ్గిందని ట్రిబ్యునల్ నమ్మితే ఏడాదికి నష్టం 54,000. ముప్పై ఒకటి నుంచి ముప్పై ఐదేళ్ళ వయస్సుకు గుణకం 16 (2009 నాటి సరళావర్మ తీర్పు పట్టిక). అంటే 8,64,000 రూపాయలు. వైద్యం ఖర్చులు, మంచాన పడిన నెలల కూలి, నొప్పి బాధలకు ఇచ్చేది, మళ్ళీ చేయవలసిన ఆపరేషన్ ఖర్చు ఇవన్నీ దీనికి అదనం. మంచం దగ్గరకు వచ్చి ఇరవై వేలు చేతిలో పెట్టి "ఇక ఏ కేసూ లేదు" అని రాయించుకునేవారికి ఈ లెక్క బాగా తెలుసు.

ఇంట్లో ఆడవాళ్ళకు దెబ్బ తగిలితే, "ఆమెకు సంపాదన లేదు కదా సిస్టర్, ఏం వస్తుంది" అని భర్తలే అంటారు. ఇంటిపనికి విలువ కట్టాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది, 2021లో మళ్ళీ చెప్పింది. నడుము విరిగిన తల్లి స్థానంలో వండి పెట్టడానికి ఎవరినైనా జీతానికి పెట్టి చూడండి, ఆ విలువ కోర్టు చెప్పకుండానే తెలుస్తుంది.

గడువు సంగతి ముఖ్యం. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు పిటిషన్ వేయాలి. కట్టు విప్పాక చూద్దాము, పంట చేతికి వచ్చాక చూద్దాము అనుకోవద్దు. ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న నియమం లేదు, మీరు కాపురముండే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనైనా వేయవచ్చు. ముందు పిటిషన్ వేసి, రాజీ మాటలు మాత్రం చికిత్స ఒక దారికి వచ్చాక మాట్లాడుకోండి. లోక్ అదాలత్ మంచిదే, త్వరగా తేలుతుంది. కానీ అక్కడ ఒప్పుకున్నదానిపై అప్పీలు లేదు. ఎముక అతుక్కోకముందే సంతకం పెట్టినవాళ్ళు తరువాత మా దగ్గరకే వచ్చి బాధపడతారు.

తప్పు ఎవరిదో నిరూపించే పని లేకుండా తీవ్రగాయానికి 2,50,000, మరణానికి 5,00,000 ఇచ్చే దారి కూడా చట్టంలో ఉంది. ఎముక విరిగినా, పన్ను ఊడినా తీవ్రగాయమే. కానీ ఆ సొమ్ము పుచ్చుకుంటే ట్రిబ్యునల్‌లో వేసిన పిటిషన్ రద్దవుతుంది, ఆలోచించుకోండి. గుద్దిన బండి దొరకకుండా పారిపోతే 2022 పథకం కింద తీవ్రగాయానికి 50,000, మరణానికి 2,00,000 వస్తుంది. దీనికి కూడా మొదట పోలీసు ఫిర్యాదు ఉండాలి.

సంఘ కుటుంబాలకు ఒక మాట. పెళ్ళిళ్ళకూ కన్వెన్షన్లకూ ట్రాక్టరు ట్రక్కుల్లో, సామాన్ల ఆటోల్లో పిల్లాపాపలతో వెళ్తారు. సరుకుల బండిలో ఊరికే ఎక్కినవారికి ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బోల్తా పడితే బండి ఓనరు ఒక్కడే మిగులుతాడు, అతను మన సంఘస్థుడే అయి ఉంటాడు. ఎవరిమీద పిటిషన్ వేస్తారు? బస్సు మాట్లాడుకోవడానికి చందా వేసుకోవడమే నయం. టూ వీలరు వెనుక కూర్చునేవారికి కూడా థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే ఆ బండి కంపెనీ నుంచి రక్షణ లేదు. ఈ రోజే మీ పాలసీ కాగితం తీసి చూడండి.

కాగితాల గురించి. ప్రిస్క్రిప్షన్లు, మందుల బిల్లులు, ఎక్స్‌రే ఫిల్ములు, వచ్చిపోయిన ఆటో రసీదులు అన్నీ ఒక సంచిలో పెట్టండి. అసలు బిల్లులు ఎక్కడైనా ఇవ్వవలసి వస్తే ముందు నకలు తీసుకోండి. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఆపరేషన్ జరిగితే ఆ చికిత్సకు మీ దగ్గర బిల్లు ఉండదు, అయినా పోయిన కూలి, ముందు ముందు ఖర్చు అడగవచ్చు. రాడ్ లేదా ప్లేటు తీయవలసి ఉంటే సుమారు ఎంత అవుతుందో సర్జన్ గారితో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. మా డాక్టర్లు సాక్ష్యానికి కోర్టుకు రావడానికి బద్ధకిస్తారని మీరు అనుకుంటారు. అది కొంత నిజమే, ఓ.పి. వదిలి వెళ్ళాలి కదా. సమన్లు ముందుగా అందేలా చూస్తే మేము డ్యూటీలు సర్ది పంపుతాము.

కేసు షీటు నకలు రోగి గానీ రోగి అధికారం ఇచ్చినవారు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య వృత్తి నియమాల్లో ఉంది. డిశ్చార్జి కార్డు, గుర్తింపు కార్డు పట్టుకుని రికార్డు రూములో అర్జీ ఇవ్వండి. ఐ.పి. నంబరు గుర్తు లేకపోతే అడ్మిట్ అయిన తేదీ చెప్పినా వెతికి ఇస్తాము.