గూట్లో మిగిలిపోతున్న మాత్రలు

పత్తి ఏరుతూ మధ్యాహ్నానికే ఆయాసంతో గట్టున కూలబడే ఆడకూలీ వరంగల్ పల్లెల్లో ఎవరికీ వింతగా తోచదు. ఎండ దెబ్బ అంటారు, కష్టం చేసే ఒళ్లు అంటారు. రక్తం తక్కువైందేమోనన్న అనుమానం చాలా ఇళ్లలో కాన్పు దగ్గరపడేదాకా రాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. 2015-16 సర్వేలో ఈ లెక్క 56 పైచిలుకు. తగ్గకపోగా కాస్త పెరిగిందన్నమాట. మాత్రలు పంచినంత మాత్రాన సరిపోదని దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది.

గర్భిణికి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు ఐరన్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. మింగితే మలం నల్లగా వస్తుంది, కొందరికి వికారం పుడుతుంది. ముందుగా చెప్పేవారు లేక భయపడి మానేస్తారు. బిడ్డ లావైతే కాన్పు కష్టమని అత్తలు వద్దనడమూ ఉంది. నల్లగా రావడం వల్ల హాని లేదు. వికారమైతే రాత్రి అన్నం తిన్న గంటకు వేసుకోవచ్చు. టీతో మాత్రం వేసుకోరాదు. మాత్రలోని ఇనుమును టీ ఒంటబట్టనివ్వదు. నిమ్మకాయ, ఉసిరికాయ అందుకు సాయపడతాయి. తోటకూర, పప్పు మంచివే గాని, బాగా పడిపోయిన రక్తం వాటితోనే పెరగదు.

కనురెప్ప తిప్పి చూడటం ఉజ్జాయింపు మాత్రమే. వేలి నుంచి చుక్క రక్తం తీస్తే హిమోగ్లోబిన్ ఎంతో తేలుతుంది. గర్భిణికి 11 గ్రాములు, ఇతర స్త్రీలకు 12 ఉండాలి. 7కన్నా తగ్గితే ఇంటి దగ్గర రోజులు గడపరాదు. కాన్పులో పోయే రక్తాన్ని అలాంటి తల్లి తట్టుకోలేదు. నెలలు నిండాక వరంగల్ సీకేఎం ఆసుపత్రికి పరుగెత్తి, రక్తం ఇచ్చేవారి కోసం వెతుక్కునేకంటే మూడో నెలలోనే పరీక్ష చేయించుకోవడం మేలు. నెల రోజులు మాత్రలు వాడినా ఒక గ్రామైనా పెరగకపోతే డాక్టరుకు చూపించాలి. కారణం కడుపులో నులిపురుగులు కావచ్చు, బహిష్టులో అధిక రక్తస్రావం కావచ్చు. ములుగు, భూపాలపల్లి గూడేల్లోనైతే సికిల్ సెల్ పరీక్ష కూడా అవసరం.

ఎన్ని మాత్రలు పంచారో రిజిస్టరులో రాసుకునే సిబ్బంది, ఎన్ని మింగారో, రక్తం ఎంత పెరిగిందో కూడా రాయాలి. ఆ అంకె ఆమెకూ చెప్పాలి. పత్తి ఏరే రోజుల్లో పగలు వెళితే ఇంట్లో ఎవరూ దొరకరు. దీపాలు పెట్టే వేళకు వెళ్లి, అత్తను కూడా కూర్చోబెట్టి చెప్పాలి.