బొమ్మల తెరపై నొక శిష్యురాలు

మన పిల్లలు చూచు బొమ్మల చిత్రములలో ఆడపిల్ల కెట్టి స్థానమున్నదని విచారించు తల్లిదండ్రులు మిక్కిలి తక్కువ. బొమ్మలే గదా యని పెద్దలు ప్రక్కకు తొలగుదురు. పిల్లలు మాత్రము ఆ బొమ్మల నడుమనే గంటలతరబడి కాలము గడుపుచుందురు. అట్టి చిత్రము నొకదానిని గూర్చి మా సోదరీమణులతో నీ మాసము ముచ్చటింపదలచితిమి. అది 2008వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన అమెరికాలో వెలువడిన ‘స్టార్ వార్స్: ది క్లోన్ వార్స్’.

‘స్టార్ వార్స్’ అను కథాపరంపరను జార్జి లూకస్ 1977లో నారంభించెను. నక్షత్రమండలముల నడుమ జరుగు యుద్ధములు, మాటలాడు యంత్రములు, కాంతిఖడ్గములు ధరించిన ‘జెడై’ అను యోధుల సంఘము, ఇదియే దాని ప్రపంచము. 2005 నాటికి ఆ వరుసలో ఆరు పెద్ద చిత్రములు వచ్చినవి. వానిలో స్త్రీలు లేకపోలేదు. రాజకుమార్తె లేయా తుపాకి పట్టి పోరాడినది. మన పద్మను తలపించు పేరుగల పద్మే రాణియై దేశమునేలినది. కాని కాంతిఖడ్గము చేబూని, గురువు వెంట నడచుచు, తప్పులు చేయుచు విద్య నేర్చుకొను బాలిక కథకు నడుమ నిలిచిన చిత్రము ఆ యారింటిలో నొక్కటియు లేదు.

ఆ కొరత తీర్చినది ఈ బొమ్మల చిత్రమే. ఇందు అసోకా టానో యను పదునాలుగేండ్ల పిల్ల మొదటిసారి కనుపించును. పేరు వినగానే మనకు అశోకచక్రవర్తి స్ఫురించును గాని యీమె మానవజాతికి చెందినది కాదు. నారింజవన్నె మేను, తలనుండి జడలవలె వ్రేలాడు తెల్లని నీలపుచారల యవయవములు గల వేరొక లోకపు బిడ్డ. యుద్ధము ముమ్మరముగా సాగుచుండగా ఎనాకిన్ స్కైవాకర్ అను యువయోధుని కడకు ఆమెను శిష్యురాలిగా పంపుదురు. అతడు శిష్యులను కోరినవాడు కాడు. ఈ ఎనాకినే పిదప డార్త్ వేడర్ అను క్రూరుడగునని పూర్వచిత్రములు చూచినవా రందరును ఎరుగుదురు. ఎరుగనిది ఆ పిల్లయొక్కతెయే. చిత్రమునంతటిని వెన్నాడు విషాద మిదియే యని మేము తలంతుము.

చిత్రము గొప్పదని మేము చెప్పజాలము. టెలివిజన్ కొరకు సిద్ధపరచుచుండిన ధారావాహికలోని తొలిభాగములను లూకస్ పెద్ద తెరపై చూచి ముచ్చటపడి, వానిని కూర్చి యొక చిత్రముగా విడుదల చేయించెను. అతుకులు కానవచ్చుచునే యున్నవి. యుద్ధము వెంట యుద్ధము, నడుమ ఊపిరి పీల్చుకొనుటకు తావులేదు. దీనికైన వ్యయము 85 లక్షల డాలర్లు. 2005 నాటి పెద్ద చిత్రమునకో 11 కోట్ల 30 లక్షలు. పాత్రల ముఖములు కొయ్యలో చెక్కినట్లుండును. దర్శకుడు డేవ్ ఫిలోని కోరి యట్లు చేయించెను గాని, మా కవి కొండపల్లి బొమ్మలు కోపగించినట్లు తోచినవి. విమర్శకులు కఠినముగానే మాటలాడిరి. అయినను 6 కోట్ల 80 లక్షల డాలర్ల వరకు రాబడి వచ్చినది.

అసోకాను గూర్చియు మొదట పలువురు విసుగుకొనిరి. వదరుబోతు, చెప్పినమాట వినదు, గురువునకే మారుపేరు పెట్టినది యని వారి ఫిర్యాదు. మాకు మాత్ర మిదియే నచ్చినది. కథలలో ఆడపిల్ల సర్వగుణసంపన్నయై పుట్టును, లేకున్న రక్షింపబడుటకై పుట్టును. తొందరపడి పొరపాటుచేసి, చీవాట్లు తిని, మరునాడు దిద్దుకొను హక్కు కథకులు మగపిల్లలకే యిచ్చుచు వచ్చిరి. ఈ పిల్లకు ఆ హక్కు దొరకినది.

కథలో నొక చిన్న సంగతి మా పాఠకురాండ్రకు నచ్చగలదు. జబ్బా యను దొంగలరాజు కొడుకును శత్రువు లపహరింతురు. ఆ శిశువు మనిషి బిడ్డ కాదు. జిగటపురుగు వంటి బిడ్డ. జబ్బున పడును, కంపు కొట్టును. అసోకా వానికి ‘కంపుగాడు’ అను నర్థము వచ్చు ముద్దుపేరు పెట్టి మోసుకొని తిరుగును. తుదకు టాటూయీన్ ఎడారిలో గురుశిష్యులు విడిపోవలసివచ్చినప్పుడు, శత్రువును మోసగించుటకై గురువు వీపుసంచిలో రాళ్ళు నింపుకొని పోవును. నిజముగా బిడ్డను మోసినది శిష్యురాలే! వానిని వీపున కట్టుకొనియే ఆమె జబ్బా కోటముందు యంత్రభటులతో తలపడినది. బిడ్డను చంకనిడుకొని నీరు తోడి, పొయ్యి రాజేసి, గొడవలు తీర్చు తల్లులకు ఇందు వింత యేమియు తోచదు.

ఒక లోపమును చెప్పక విడువరాదు. యుద్ధభూమికి పోవు పిల్లకు చిత్రకారులు తొడిగించిన దుస్తులు రొమ్మును నడుమును సగముసగము కప్పునట్టివి. ఆమె గురువునకు మాత్రము నిండు కవచము! ఈ యాక్షేపణ నాడే పుట్టినది. 2008 అక్టోబరులో మొదలైన టెలివిజన్ ధారావాహిక మూడవ సంవత్సరము నడుచుచుండగా ఆ వేషమును మార్చిరి.

ఆ ధారావాహికలోనే అసోకా యెదిగినది. విసుగుకొన్నవారే ఆమెకై యెదురుచూడసాగిరి. 2013లో వచ్చిన నాలుగు భాగములలో ఆమెపై ఘోరమైన నింద పడును. జెడై దేవాలయమున బాంబు ప్రేలుడు కామెయే కారణమని పెద్దలు నమ్మి సంఘమునుండి వెలివేయుదురు. నిజముగా చేయించినది ఆమె నేస్తురాలే. గురువొక్కడు నమ్మి, వెదకి, నిజము బయటపెట్టును. అంతట పెద్దలు ఇదియంతయు నీకొక పరీక్ష యని పలికి తిరిగి రమ్మందురు. ఆమె రాదు. గురువు బతిమాలినను ఆగక, దేవాలయపు మెట్లు దిగి వెళ్ళిపోవును. సీతమ్మ కథ విని పెరిగిన మన కీ ఘట్టము పరాయిదిగా తోచదు. నింద వేసినవారే పిలుచుచున్నప్పుడు తిరిగిపోవుట క్షమయా, ఆత్మగౌరవమును విడుచుటయా? ఆ పిల్ల కప్పటికి ఇరువదేండ్లయిన నిండలేదు.

ఆమెకు గొంతునిచ్చిన నటి ఆష్లీ ఎక్‌స్టైన్ కథయు వినదగినదే. ఈ పరంపరను మెచ్చు స్త్రీలు లెక్కకు మిక్కిలిగా నుండియు, అంగడిలో దొరకు చొక్కాలన్నియు మగవారి కొలతలకే కుట్టినవై యుండుట చూచి, ఆమె 2010 ప్రాంతమున స్త్రీల కొరకు ‘హర్ యూనివర్స్’ అను దుస్తుల వ్యాపారమును స్థాపించెను. అది చక్కగా వృద్ధిపొందినది. 2023లో అసోకా పేరనే యొక ధారావాహిక వచ్చినది. అందు ఆ పాత్రను బొమ్మ గాక రొసారియో డాసన్ అను నటి ధరించినది.

పిల్లలకు చూపదలచిన తల్లులకు రెండు మాటలు. 2008 నాటి చిత్రము 98 నిమిషములు నడుచును. రక్తము కనబడదు గాని సైనికులు పెక్కుండ్రు కూలుదురు గనుక పసివాండ్రకు తగదు. పదేండ్లు దాటినవారు చూడవచ్చును. ముందటి చిత్రములు చూడకున్నను కథ తెలియును. 2013 నాటి నాలుగు భాగములు చూచునప్పుడు మాత్రము పిల్లల ప్రక్కన పెద్దవా రొకరుండుట మేలు. ఆమె యెందుకు వెళ్ళిపోయినదని వారు తప్పక యడుగుదురు.