ఉస్తాద్‌కూ ఉజ్రత్ ఉండాలి

మన మహల్లాల్లో ఏ దుకాణం ముందు నిలబడినా రెండు షికాయత్‌లు వినిపిస్తాయి. లోపల కూర్చున్న పెద్దాయన "ఈ నౌజవానులకు పని మీద షౌక్ లేదు, చేతిలో ఫోనుంటే చాలు" అంటాడు. బయటికొచ్చిన కుర్రాడు "అబ్బా మారరు, చెప్పినా వినరు" అంటాడు. టైలరింగ్ షాపైనా, మెకానిక్ షెడ్డైనా, హోటలైనా ఇదే పంచాయితీ. ఇందులో తప్పు వయసుది కాదు, హిసాబ్‌ది అని నా అభిప్రాయం. అది చెప్పడానికి మా బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిని మించిన మిసాల్ నాకు కనపడదు.

బొబ్బిలి అనగానే 1757 నాటి యుద్ధం, తాండ్ర పాపారాయుడు గుర్తొస్తారు. ఆ వెంటనే గుర్తొచ్చేది వీణ. గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరున్న కుటుంబాలు తరతరాలుగా ఈ హునర్‌ని నిలబెట్టుకుంటూ వస్తున్నాయి. వాడేది పనస చెక్క. కుండ, దండి వేర్వేరుగా చేసి అతికించకుండా ఒకే దుంగలోంచి తొలిచే ఏకాండి వీణకు ఈ ఊరు పెట్టింది పేరు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు దక్కి పుష్కరం దాటింది.

ఈ పనిలో ఏ వయసుకు ఏ వాటా ఉందో చూడండి. దుంగను చెక్కి కుండను లోపలి నుంచి తొలవాలంటే భుజబలం కావాలి. నగిషీకి నిలకడైన చెయ్యి, మంచి చూపు, సబర్ కావాలి. ఆఖరున మైనం మీద 24 మెట్లు కూర్చాలి. వాటి మీదుగా వాయించే తంత్రులు నాలుగు, పక్కన తాళానికి మూడు. ఒక్క మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. ఆ చోటు టేపు పెట్టి కొలిస్తే తేలదు, చెవితో తేల్చుకోవాలి. ఏళ్ళ తరబడి తజుర్బా ఉంటే తప్ప ఆ చెవి రాదు. చెవి పండేసరికి భుజంలో జోరు తగ్గుతుంది. భుజంలో జోరున్న రోజుల్లో చెవి ఇంకా పచ్చిగానే ఉంటుంది. అందుకే అక్కడ దాదా, అబ్బా, పోతా ఒకే కప్పు కింద కూర్చోవడం అదబ్ కోసం మాత్రమే కాదు, పని జరగడానికి కూడా.

కొత్త తరం తెచ్చింది కూడా తక్కువేం కాదు. పెద్ద వీణ కొనేవాళ్ళు ఎప్పుడూ కొద్దిమందే. సభల్లో బహుమతిగా ఇచ్చే, షోకేసులో పెట్టుకునే చిన్న వీణలు ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోతున్నాయి. "బొమ్మలు చేయడం ఏం పని?" అనే బుజుర్గులు ఏ హునర్‌లోనైనా ఉంటారు. కానీ ఆ బొమ్మల మీద వచ్చే రోజీ లేకపోతే పెద్ద వీణ చేసే చెయ్యి ఎప్పుడో కూలికి పోయేది. అలాగని బొమ్మ వీణలు మాత్రమే చేస్తూ పోతే మెట్లు కూర్చే చెవి ఒక్క నస్ల్‌లోనే పోతుంది. రెండూ ఉండాలి.

సర్కారు ఈ సంగతి ఎంతవరకు అర్థం చేసుకుంది? 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగం ఉంది గానీ వాద్యాల తయారీకి వేరే పేరు లేదు. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తారు. మంచిదే. కానీ ఒక కుటుంబంలో ఒక్కరికే అన్న షరతు ఉంది. భార్య, భర్త, పెళ్ళికాని పిల్లలు కలిస్తే ఒక కుటుంబం. అంటే తండ్రి పేరు రాయిస్తే పక్కనే కూర్చుని నేర్చుకుంటున్న పెళ్ళికాని కొడుక్కి లేదు. తండ్రీకొడుకులు కలిసి చేసే పనికి ఈ కొలత సరిపోదు. 2015లో మైనారిటీ హస్తకళల కోసం తెచ్చిన పథకానికి "ఉస్తాద్" అనే పేరే పెట్టారు. పేరుకు తగ్గట్టు అసలు ఉస్తాద్‌కి తన ఇంట్లో, తన పీట మీద నేర్పినందుకు నెలనెలా ఉజ్రత్ ముట్టే ఏర్పాటు కావాలి. కొద్ది రోజుల క్లాసుతో చెవి తయారవదు.

మనవాళ్ళలోనే ఇంకో మిసాల్ ఉంది. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ నాదస్వరంలో దేశమంతా పేరు తెచ్చుకొని శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1982లో అక్కడే నేర్పడానికి ఒక ఆశ్రమం పెట్టారు. మనవళ్ళు కాశిం, బాబు ఆయన దగ్గరే నేర్చుకుని, ఆయన పక్కనే కూర్చుని వాయించారు. 1999లో ఆయన పోయాక కూడా ఆ వాద్యం ఆగలేదు. తాను ఉండగానే మనవళ్ళను వేదిక ఎక్కించారు కాబట్టే ఆ విరాసత్ నిలిచింది.

ఇక మన ఇళ్ళ సంగతి. నా మష్వరా మూడే మాటలు. ఒకటి, కొడుకైనా తమ్ముడి కొడుకైనా దుకాణంలో పనిచేస్తే నెలకింత అని చేతిలో పెట్టండి. "అంతా నీదే కదా బేటా" అన్న మాటతో పాతికేళ్ళవాడి ఖర్చు గడవదు. వాడు హైదరాబాదు బస్సెక్కేది ఇజ్జత్ తెలియక కాదు, జేబు ఖాళీగా ఉండి. రెండు, ఎవరి మాట ఎక్కడ ఆఖరిదో ముందే తేల్చుకోండి. సరుకు నాణ్యత దగ్గర పెద్దాయన మాట, ఆన్‌లైన్ ఆర్డర్లూ లెక్కల దగ్గర పిల్లల మాట అనుకుంటే సగం తగాదాలు పుట్టవు. మూడు, ఇంట్లో జర్దోసీ, మిషను పని చేసే అమ్మీని, ఆపాని కూడా ఈ హిసాబ్‌లో రాయండి. వాళ్ళ హునర్‌ని ఇంటిపనిలో కలిపేసి మాఫీ చేయించుకోవడం న్యాయం కాదు.

పెద్దవాళ్ళకు నేర్పినందుకు ఉజ్రత్, చిన్నవాళ్ళకు చేసినందుకు ఉజ్రత్. ఈ రెండూ ఖాతాలో పక్కపక్కన కనిపిస్తే షికాయత్‌లు వాటంతట అవే తగ్గుతాయి. ఈ నెలాఖరున మీ దుకాణం పుస్తకం ఒకసారి తెరవండి. అందులో ఎవరి పేరు లేదో చూసి, అది రాయడంతో మొదలుపెట్టండి.