రెప్ప అంచున

కళ్లు మండితే చుక్కలు వేసుకుని సరిపెట్టుకుంటాం, రెప్పల జోలికి పోము. ఈ సంచిక ముఖ్యవ్యాసాన్ని వాటికే కేటాయించాం. రెప్ప అంచున, వెంట్రుకల వెనక మైబోమియన్ గ్రంథులుంటాయి. జర్మన్ వైద్యుడు హైన్‌రిక్ మైబోమ్ 1666లో వీటిని వర్ణించాడు. ఇవి స్రవించే నూనె కన్నీటిపై పలుచగా పరుచుకుని, అది ఆవిరి కాకుండా కాపాడుతుంది. రెప్పల మీద స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా ఆరోగ్యవంతులకూ ఉంటుంది, దానితో పేచీ లేదు. మితిమీరి పెరిగినప్పుడే చిక్కు: దాని లైపేజ్ ఎంజైములు ఆ నూనెను కొవ్వు ఆమ్లాలుగా విరగ్గొడతాయి, రెప్ప అంచు ఎర్రబడుతుంది, నూనె చిక్కబడి రంధ్రాలు మూసుకుపోతాయి, కన్ను పొడిబారుతుంది. ఏళ్ల తరబడి మూసుకుపోయిన గ్రంథి కృశిస్తుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. గోరువెచ్చని కాపడం, రెప్పల శుభ్రత ముందే మొదలుపెట్టాలి. మంట తగ్గకపోతే రెప్పలు కూడా పరీక్షించమని కంటి డాక్టరుగారిని తప్పక అడగండి.